విదేశంలో పిల్లల బడి: వెళ్లేనాటి వయసు కాదు, వదిలేనాటి వయసు చూడండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంగ్లీషు కాని భాష నడిచే దేశంలో మూడేళ్ల ఉద్యోగ ఒప్పందం వచ్చింది, ఆ తర్వాత పొడిగించే అవకాశం ఉంది. బాబుకు 13 ఏళ్లు, పాపకు 6 ఏళ్లు. అక్కడి ప్రభుత్వ బడిలో చదువు ఉచితం, కానీ బోధనంతా స్థానిక భాషలో. ఇంటర్నేషనల్ స్కూలు ఫీజులో సగం కంపెనీ భరిస్తానంది. ఇద్దరినీ ఒకే బడిలో చేర్పించాలని మీ ఆలోచన. రెండింటిలో ఏది మంచిదని అడిగారు.

ఉద్యోగరీత్యా దేశాలు మారే కుటుంబాల పిల్లలను బడుల్లో చేర్పించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. తల్లిదండ్రులు అందరూ మొదట అడిగేది మీరడిగిందే. నేను తిరిగి అడిగేది వేరు: ఆ దేశం వదిలే రోజుకు మీ పిల్లల వయసెంత ఉంటుంది? బడి మంచిచెడ్డలకన్నా ముందు ఈ లెక్క తేలాలి. చేరేటప్పుడు ఏ బడి అయినా నాలుగు రోజులు అటూ ఇటూగా చేర్చుకుంటుంది. పిల్లలు నిజంగా దెబ్బతినేది బడి మానేటప్పుడు, అదీ పరీక్షల కోర్సు నడిమధ్యలో మానాల్సి వచ్చినప్పుడు. కాబట్టి మీ ఇద్దరు పిల్లలకూ జవాబు ఒకటే కావాలని పట్టుబట్టకండి. ఏడేళ్ల తేడా ఉన్న పిల్లలకు ఈ మూడేళ్లు ఒకే రకమైన మూడేళ్లు కావు.

ముందు బాబు సంగతి చూద్దాం, తొందర అతనిదే. 13కు మూడు కలిపితే 16. ప్రపంచంలో చాలా విద్యా విధానాలకు 16 దగ్గర ఒక గడప, 18 దగ్గర ఇంకో గడప ఉంటాయి. బ్రిటిష్ పద్ధతి నడిపే బడుల్లో ఐజీసీఎస్‌ఈ సాధారణంగా 14 నుంచి 16 ఏళ్ల మధ్య చదివే రెండేళ్ల కోర్సు. ఆ తర్వాత ఎ లెవెల్స్ మరో రెండేళ్లు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ పద్ధతిలో చివరిదైన డిప్లొమా కూడా రెండేళ్లే, అది 16 దాటాక మొదలవుతుంది. ఈ రెండేళ్ల కోర్సులను సగంలో ఒక బడి నుంచి ఇంకో బడికి మార్చడం చాలా కష్టం. ఐజీసీఎస్‌ఈ పేరు ఒకటే అయినా కేంబ్రిడ్జ్ బోర్డు సిలబస్ వేరు, పియర్సన్ ఎడెక్సెల్ సిలబస్ వేరు. ఒకే బోర్డు కింద ఉన్న రెండు బడులు కూడా చరిత్రలో వేర్వేరు అంశాలు, సాహిత్యంలో వేర్వేరు పుస్తకాలు ఎంచుకుంటాయి. ఏడాది పాటు ఒకటి చదివి, రెండో ఏడు ఇంకొకటి అందుకుని, అప్పుడే పరీక్ష రాయమంటే పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా నలిగిపోతాడు.

ఇప్పుడు మీ ఒప్పందం ఏ నెలలో మొదలవుతుందో చూసుకోండి. ఉత్తరార్ధగోళంలో ఎక్కువ ఇంటర్నేషనల్ స్కూళ్లకు విద్యా సంవత్సరం ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలై జూన్‌లో ముగుస్తుంది. మీరు ఆగస్టులో దిగితే బాబు తొమ్మిదో సంవత్సరంలో (బ్రిటిష్ బడుల్లో 13 నుంచి 14 ఏళ్ల పిల్లల తరగతి) చేరి, మూడేళ్లకు సరిగ్గా ఐజీసీఎస్‌ఈ పరీక్షలు పూర్తి చేసి, చేతిలో సర్టిఫికెట్‌తో బయటపడతాడు. ఇంతకన్నా శుభ్రమైన నిష్క్రమణ ఉండదు. అదే ఒప్పందం జనవరిలో మొదలైతే, ఏ తరగతిలో చేర్చుకున్నా సరే, మూడేళ్ల తర్వాతి జనవరి ఏదో ఒక రెండేళ్ల కోర్సు నడుమ వచ్చి పడుతుంది. ఎనిమిదో సంవత్సరంలో చేరితే మే, జూన్ పరీక్షలకు కొద్ది నెలల ముందు సామాన్లు సర్దుకోవాలి. తొమ్మిదిలో చేరితే ఎ లెవెల్స్ లేదా డిప్లొమా మొదలై నాలుగు నెలలైనా కాకముందే మానేయాలి.

అందుకే బడి వెతకడానికి ముందే కంపెనీతో మాట్లాడమంటాను. ఒప్పందం ముగింపు తేదీని జూన్ చివరికో జులైకో జరపమని అడగండి. కుదరకపోతే, ఉద్యోగం ముందే ముగిసినా ఆ విద్యా సంవత్సరం పూర్తయ్యేవరకు ఫీజు, ఇంటి అద్దె, కుటుంబం వీసా కొనసాగిస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. పొడిగింపు మాట వచ్చినప్పుడు ఒక్క ఏడాదికి ఒప్పుకోవద్దు. బాబు 16 దగ్గర ఉన్నప్పుడు పొడిగింపు అంటే రెండేళ్లు, 18 వరకు. ఒక్క ఏడాది పొడిగింపు ఉద్యోగానికి బాగుంటుంది, పిల్లవాడి చదువుకు అంతకన్నా చెడ్డ ఏర్పాటు లేదు. ఈ విషయంలో నేను ఏమాత్రం మెత్తబడను. జీతం, ఇల్లు, విమాన టికెట్ల గురించి గట్టిగా బేరమాడిన తల్లిదండ్రులు ముగింపు తేదీ గురించి నోరెత్తకుండా సంతకం పెట్టడం తరచుగా చూస్తుంటాను.

బాబును స్థానిక బడిలో వేస్తే భాష వచ్చేస్తుంది కదా అని మీరు రాశారు. మాట్లాడటం వస్తుంది. చదువుకునే భాష రావడం వేరు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ కమిన్స్ దశాబ్దాల క్రితమే ఈ తేడాను వివరించారు. ఆటస్థలంలో పనికొచ్చే భాష పిల్లలకు రెండేళ్లలోపు పట్టుబడుతుంది. కానీ పాఠ్యపుస్తకం చదివి, దానిమీద తోటి విద్యార్థులతో సమానంగా రాయగలిగే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. మీ బాబు ఉండేది మూడేళ్లు. పైగా ఆ వయసులో పాఠాలు మాటల మీదే నడుస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. బాబు వయసే ఉన్న ఒక అమ్మాయిని స్థానిక భాషా మాధ్యమంలో చేర్పించారు. లెక్కల టీచరు బోర్డు మీద సమీకరణం రాస్తే అందరికన్నా ముందు సాధించేది. అదే సమీకరణం నాలుగు వాక్యాల ప్రశ్నగా పరీక్ష పేపర్లో వస్తే ఖాళీగా వదిలేసేది. ఆ పేపర్లు పక్కపక్కన పెట్టి చూశాను. అంకెలు మాత్రమే ఉన్న ప్రశ్నలన్నీ సరైనవి, వాక్యాలున్న ప్రశ్నలన్నీ తెల్లగా ఉన్నాయి. రిపోర్టు కార్డులో మాత్రం లెక్కల్లో వెనుకబడిందని రాశారు. ఆ అమ్మాయికి లెక్కలు రాకపోవడం కాదు, ప్రశ్న చదవడం రావడం లేదని టీచరుకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఈలోపు తనకు లెక్కలు రావని ఆ పిల్లే నమ్మేసింది.

జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాత పిల్లలను వేర్వేరు రకాల హైస్కూళ్లకు పంపుతారు. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో అది ఆరో తరగతి తర్వాత జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో దాదాపు 12 ఏళ్లకు. 13 ఏళ్ల వయసులో భాష రాకుండా వెళ్లిన పిల్లవాడికి తన తెలివికి తగిన దారి కాక, తనకొచ్చిన భాషకు తగిన దారి దొరికే ప్రమాదం ఉంది. ఆ దేశంలోనే స్థిరపడే ఉద్దేశం ఉంటే ఆ కష్టం పడటంలో అర్థముంది, తర్వాత సరిదిద్దుకునే దారులూ ఉన్నాయి. మూడేళ్ల కోసమైతే లేదు. బాబును ఇంటర్నేషనల్ స్కూల్లోనో, మీరు తిరిగి వెళ్లే దేశపు బోర్డు నడిపే బడిలోనో చేర్పించండి.

ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడం మీ తర్వాతి మజిలీ మీద ఆధారపడుతుంది. తప్పకుండా స్వదేశానికే వెళ్తారంటే స్వదేశపు బోర్డే సులువు. సీబీఎస్‌ఈకి విదేశాల్లో అనుబంధ పాఠశాలలున్నాయి. ఫ్రాన్స్ తన బడుల వ్యవస్థను 1990 నుంచి ఏఈఎఫ్‌ఈ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా ప్రపంచమంతా నడుపుతోంది. అక్కడ ఒక దేశంలో మానిన పాఠం ఇంకో దేశంలో అక్కడి నుంచే అందుకోవచ్చు. తర్వాత ఇంకో దేశం వెళ్లే అవకాశం ఎక్కువగా ఉంటే బ్రిటిష్ పద్ధతో ఐబీయో మేలు.

ఐబీ గురించి ఒక అపోహ తీర్చాలి. జెనీవాలో 1968లో మొదలైన ఈ కార్యక్రమం ఎక్కడికెళ్లినా ఒకేలా ఉంటుందని చాలామంది నమ్ముతారు. డిప్లొమా విషయంలో అది చాలావరకు నిజం. ఆరు సబ్జెక్టులు, మొత్తం 45 పాయింట్లు, 4,000 పదాల పరిశోధన వ్యాసం, అన్ని దేశాల్లోనూ అవే. కానీ కింది తరగతుల్లో నడిచే ప్రైమరీ, మిడిల్ కార్యక్రమాలు బోధనా చట్రాలు మాత్రమే. ఏ ఏడాది ఏ పాఠం చెప్పాలన్నది చాలావరకు ఆ బడి నిర్ణయిస్తుంది. ఒక ఐబీ బడిలో ఐదో తరగతి చదివిన పిల్ల ఇంకో ఐబీ బడిలో ఆరో తరగతికి వెళ్తే భిన్నాలు రెండుసార్లు చదవొచ్చు, లేదా అసలు చదవకపోవచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం: గుర్తింపు వచ్చిన బడి వేరు, గుర్తింపుకోసం దరఖాస్తు దశలో ఉన్న బడి వేరు. గోడ మీద ఐబీ అని కనిపిస్తే సరిపోదు. ఏ కార్యక్రమానికి, ఏ సంవత్సరం గుర్తింపు వచ్చిందో ఐబీ వెబ్‌సైటులో బడి పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇతర బడులకు కౌన్సిల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్కూల్స్ వంటి సంస్థల గుర్తింపు ఉందో లేదో అడగండి. బ్రిటిష్ బడినని చెప్పుకునేదానికి బ్రిటన్ ప్రభుత్వం గుర్తించిన విదేశీ బడుల తనిఖీ నివేదిక ఉందా అని అడగండి. ఉంటే అది బహిరంగంగానే దొరుకుతుంది.

పాప విషయంలో నా సలహా పూర్తిగా వేరు. 6 ఏళ్లకు వెళ్లి 9 ఏళ్లకు తిరిగొస్తుంది. ఆ మధ్యలో ఏ గడపా లేదు. ఇంటికి దగ్గర్లోని స్థానిక బడిలో కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే ఏర్పాటు ఉంటే, నేనైతే సందేహించకుండా అక్కడే చేర్పిస్తాను. ఫ్రాన్స్‌లో భాష రాని కొత్త పిల్లల కోసం ప్రభుత్వ బడుల్లోనే ప్రత్యేక విభాగాలున్నాయి. జర్మనీలో చాలా నగరాల్లో స్వాగత తరగతులు నడుస్తాయి. మీరు వెళ్లే ఊళ్లో ఏముందో స్థానిక విద్యాశాఖ కార్యాలయాన్ని అడిగితే తెలుస్తుంది. అడగాల్సింది ఇలా: భాషా టీచరు వారానికి ఎన్ని గంటలు పాపతో ఉంటారు, ఆ గంటల్లో మిగతా తరగతిలో ఏ పాఠం జరుగుతుంటుంది? ఆటలు, చిత్రలేఖనం వేళల్లో ఆమెను భాషా పాఠానికి తీసుకెళ్లే బడికన్నా, కథల పుస్తకం వేళలో తీసుకెళ్లే బడి మేలు. భాష రాని పిల్ల స్నేహాలు చేసుకునేది ఆటల్లోనే, బొమ్మలు గీసేటప్పుడే.

ఆ వయసు పిల్లలు చదువు మొదలుపెట్టే తీరు దేశాన్ని బట్టి మారుతుంది. ఫిన్లండ్‌లో ఒకటో తరగతి మొదలయ్యేది 7 ఏళ్లకు. ఇంగ్లండ్‌లో 4 ఏళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులోనే బడిలో కూర్చోబెడతారు. మీ పాపకు ఇప్పటికే చదవడం వచ్చి ఉండవచ్చు, అక్కడి తోటివాళ్లకు ఇంకా అక్షరాలు నేర్పుతుండవచ్చు. వెనక్కి వేశారని దిగులుపడకండి. భాష పట్టుకోవడానికి ఆ తీరిక ఆమెకు చాలా మేలు చేస్తుంది. మొదటి కొన్ని నెలలు బడిలో నోరు విప్పకపోవచ్చు. ఇది చాలామంది పిల్లల్లో సహజం, వింటూ ఉంటారు, ఒకరోజు వాక్యాలతో మొదలుపెడతారు. ఇంట్లో కూడా మాట తగ్గినా, నిద్ర చెడినా, తిండి తగ్గినా మాత్రం బడికి వెళ్లి మాట్లాడాలి.

స్థానిక భాష త్వరగా రావాలని ఇంట్లో కూడా వచ్చీరాని ఆ భాషే మాట్లాడే తల్లిదండ్రులున్నారు. దయచేసి అలా చేయకండి. ఇంటి భాషలో కథలు వినే, ఎందుకు ఏమిటని వాదించే పిల్ల ఆ శక్తినే కొత్త భాషలోకి తీసుకెళ్తుంది. అమ్మానాన్నలు తమ సొంత భాష వదిలేసి, తప్పులతో కూడిన ముక్తసరి మాటలకు దిగితే పిల్లకు ఏ భాషలోనూ లోతు ఉండదు. కాబట్టి రోజూ ఇంటి భాషలో గట్టిగా చదివి వినిపించండి, 7 ఏళ్లకల్లా ఆమెచేత చదివించడం, రాయించడం మొదలుపెట్టండి. తిరిగి వెళ్లాక ఏ మాధ్యమంలో చదవాలో ఆ భాషలోనూ వారానికి కొంత రాత పని ఉండాలి. మూడేళ్లు వాయిదా వేసి, చివరి వేసవిలో హడావిడిగా నేర్పడం కుదిరే పని కాదు. అక్కడ నేర్చుకున్న భాష కూడా తిరిగొచ్చాక వాడకపోతే ఈ వయసులో వేగంగా జారిపోతుంది. నిలబెట్టుకోవాలంటే అక్కడి స్నేహితులతో ఫోను మాటలు, పుస్తకాలు కొనసాగాలి.

రెండు బడులంటే రెండు క్యాలెండర్లు, రెండు సెలవుల పట్టికలు, ఉదయం రెండు దిక్కులకు పరుగు. ఇద్దరూ ఉద్యోగం చేస్తూ, దగ్గర్లో సాయానికి ఎవరూ లేకపోతే అది తలకు మించిన పని అవుతుంది. అప్పుడు ఇద్దరినీ బాబు బడిలోనే చేర్పించండి, పాప బడిలో కాదు. పాపకు స్థానిక భాష సాయంత్రాల్లో ఆటల క్లబ్బు ద్వారానో, సంగీతం తరగతి ద్వారానో అందుతుంది. బాబు పోగొట్టుకునే ఏడాదిని మాత్రం ఏ క్లబ్బూ తిరిగి ఇవ్వదు. ఇవేవీ కాకుండా ఇంట్లోనే ఆన్‌లైన్‌లో స్వదేశపు సిలబస్ చదివిద్దామనుకునేవారు ఆ దేశపు చట్టం చూసుకోవాలి. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లడం తప్పనిసరి, ఇంటి చదువు దానికి బదులు కాదు.

డబ్బు విషయం. కంపెనీ సగం ఇస్తుందంటే దేనిలో సగమో అడగండి. ట్యూషన్ ఫీజు ఒక్కటే అయితే, దరఖాస్తు రుసుము, ప్రవేశ రుసుము, బస్సు, యూనిఫాం, భోజనం, భాషా సహాయానికి అదనపు ఫీజు, పరీక్షల ఫీజు అన్నీ మీ మీదే పడతాయి. కొన్ని నగరాల్లో భవన నిధి పేరుతోనో డిపాజిట్ పేరుతోనో పెద్ద మొత్తం ముందుగా కట్టించుకుంటారు. అందులో కొన్ని తిరిగొస్తాయి, కొన్ని ఏటా తరిగిపోతాయి. ఆ డిపాజిట్ కంపెనీ పేరు మీద ఉండాలి, మీ పేరు మీద కాదు. చాలా దేశాల్లో కంపెనీ కట్టే స్కూలు ఫీజును మీ ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. ఆ పన్ను ఎవరు కడతారో ఒప్పందంలో ఉండాలి. బడి మానేటప్పుడు ఒక టర్మ్ ముందు నోటీసు ఇవ్వకపోతే ఆ టర్మ్ ఫీజు మొత్తం వసూలు చేసే నిబంధన మామూలే. హఠాత్తుగా బదిలీ అయితే ఆ సొమ్ము కంపెనీ కట్టాలి. ఇద్దరికీ సగం ఫీజు అందుతుందని రాశారు కాబట్టి, పాప స్థానిక బడిలో ఉంటే ఆమె వాటాను బాబు ఫీజుకు మళ్లిస్తారా అని కూడా అడిగి చూడండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి.

బడి చూడటానికి వెళ్లినప్పుడు వాళ్లు చూపించే ఈతకొలను, ప్రయోగశాల చూసి రాకండి. మధ్యాహ్న భోజనం వేళ దాకా ఆగండి. భోజనశాలలో ఒక మూల నిలబడి ఆ ఏడాది కొత్తగా చేరిన పిల్లలెవరో చూపించమనండి. వాళ్లు ఎవరి పక్కన కూర్చున్నారు? ఒకే భాషవాళ్లు ఒకే బల్ల దగ్గర గుంపుగా ఉన్నారా? పళ్లెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డ పిల్లవాడి దగ్గరికి ఎవరైనా పెద్దలు వెళ్లారా? నేను చూసిన ఒక బడిలో భోజనశాల ఆయమ్మకు కొత్త పిల్లల పేర్లన్నీ తెలుసు, వాళ్లను రోజూ ఒక్కో బల్లకు తీసుకెళ్లి కూర్చోబెట్టేది. ఆ బడి భవనం పాతది, మైదానం చిన్నది. నేనైతే అలాంటి బడికే ఓటు వేస్తాను. వీలైతే పాప, బాబు చేరే తరగతుల్లో ఎవరిదైనా రాత పుస్తకం చూపించమనండి. టీచరు ఎర్రసిరాతో టిక్కులే పెట్టారా, పక్కన ఒక వాక్యమైనా రాశారా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. టీచర్లు సగటున ఎంతకాలం ఉంటారో, కిందటి ఏడాది ఎంతమంది పిల్లలు వెళ్లిపోయారో నేరుగా అడగండి. ఇంటర్నేషనల్ స్కూళ్లలో ప్రతి జూన్‌కూ స్నేహితులు విడిపోతుంటారు. ఆ వీడ్కోళ్లను బడి ఎలా జరుపుతుందన్నది చిన్న విషయం కాదు.

పిల్లల్లో ఎవరికైనా చదవడంలో ఇబ్బంది, వినికిడి లోపం, ఏకాగ్రత సమస్య వంటివి ఉంటే దరఖాస్తులోనే చెప్పండి. దాచిపెడితే మొదటి టర్మ్‌లోనే బయటపడుతుంది, ప్రైవేటు బడి మేం చూసుకోలేమని చేతులెత్తేస్తే ఏడాది మధ్యలో ఇంకో బడి వెతుక్కోవాలి. చాలా దేశాల్లో ప్రభుత్వ బడికి అలాంటి పిల్లలను చూసుకునే చట్టపరమైన బాధ్యత ఉంటుంది, ప్రైవేటు బడికి ఉండకపోవచ్చు.

బాబుకు ఇంకో లెక్క ఉంది. 18 ఏళ్లకు విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు ఏ దేశంలో స్థానికుల ఫీజు, ఏ దేశంలో విదేశీయుల ఫీజు వర్తిస్తుందో ఇప్పుడే చూసుకోండి. ఆ అర్హత చాలాచోట్ల అంతకుముందు ఎన్నేళ్లు ఎక్కడ నివసించారన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో అయితే సాధారణంగా కోర్సుకు ముందు మూడేళ్లు అక్కడే ఉండాలి. విదేశంలో గడిపిన ఈ ఏళ్లు స్వదేశంలో ఆ అర్హతకు అడ్డువస్తాయో లేదో మీరు ఎంచుకునే విశ్వవిద్యాలయాల నిబంధనల్లో ఉంటుంది.

బాబును కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. 13 ఏళ్ల పిల్లవాడు తన స్నేహితులను, ఆడుకునే జట్టును, తనకంటూ ఉన్న పేరును వదిలి వెళ్తున్నాడు. బడి ఎంపికలో అతని మాటకు చోటుంటే అక్కడి మొదటి చలికాలం తేలిగ్గా గడుస్తుంది. రెండు బడులు మీరు ఎంపిక చేసి, ఆ రెండింటిలో ఏదో అతన్నే తేల్చమనండి.

ఇక పనిలోకి దిగండి. గత రెండేళ్ల రిపోర్టు కార్డులు, టీకాల పుస్తకం, బదిలీ పత్రం ఆ దేశ భాషలోకి అనువదించి ఉంచండి. వాటికి అపొస్టిల్ ముద్ర (పత్రం విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) కావాలో, రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలో ముందే కనుక్కోండి. బడికి రాసే మొదటి ఈమెయిల్‌లోనే మూడు ప్రశ్నలు పెట్టండి: ఈ తరగతిలో ఖాళీ ఉందా, వెయిటింగ్ లిస్టులో ఎంతమంది ఉన్నారు, మూడేళ్ల తర్వాత ఫలానా నెలలో వెళ్లిపోతే బాబు ఏ కోర్సు ఎంతవరకు పూర్తి చేసి ఉంటాడు? మూడో ప్రశ్నకు బడి ఇచ్చే జవాబు చేతికి వచ్చాకే ఇల్లు అద్దెకు తీసుకోండి.